ఆడిటర్ ‘క్వాలిఫైడ్’ అన్నాడు: సంతోషించాలా, అమ్ముకోవాలా?

లెక్కలమాస్టారు, కడప
ఆదివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను రిటైరయిన హైస్కూలు టీచరును. ముప్పై రెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను గానీ కంపెనీల లెక్కలు చదవడం మాత్రం రిటైరయ్యాకే మొదలుపెట్టాను. గ్రాట్యుటీ డబ్బులో కొంత షేర్లలో పెట్టాను. అందులో ఒక మధ్యరకం కంపెనీ ఉంది. పేరు చెప్పను, ఇది టిప్స్ గ్రూపు కాదు కదా.

దాని వార్షిక నివేదిక మొన్న మెయిల్లో వచ్చింది. ఆడిటర్ రిపోర్టు మొదట్లో, లెక్కలు నిజమైన, సరైన చిత్రం చూపుతున్నాయని రాశారు. హమ్మయ్య అనుకున్నా. ఇంకో పది పేజీలు తిప్పితే ఒక అనెక్సర్ (అనుబంధం) ఉంది. అందులో ‘క్వాలిఫైడ్ ఒపీనియన్’ అని పెద్దక్షరాలు. క్వాలిఫైడ్ అంటే అర్హత సాధించినట్టే కదా అని మురిసిపోయి మా అల్లుడికి ఫోన్ చేశాను. అతను నవ్వి, “మామయ్యా, అది పాస్ కాదు, గ్రేసు మార్కులు” అన్నాడు.

దాని సారాంశం ఇది. గోదాముల్లో సరుకు నిల్వలు లెక్కపెట్టే విషయంలో కంపెనీకి తగిన అంతర్గత నియంత్రణలు లేవు. దీనివల్ల నిల్వల విలువ తప్పుగా నమోదయ్యే అవకాశం ఉంది. ఆ కిందే, ఈ లోపం వల్ల ఆర్థిక నివేదికల మీద మా అభిప్రాయం మారదు అని ఇంకో వాక్యం.

నా సందేహం ఏమిటంటే, లెక్కపెట్టే పద్ధతే సరిగా లేదన్నప్పుడు లెక్క సరైనదే అని ఎట్లా అంటారు? నా క్లాసులో ఎవరైనా స్టెప్పులు తప్పు రాసి ఆన్సరు మాత్రం సరిగ్గా వేస్తే, పక్కవాడిది చూశాడనే అనుకునేవాణ్ణి.


ఆడిటరమ్మ, కర్నూలు
ఆదివారం రాత్రి 9:25

మాస్టారూ, నేను ప్రాక్టీసులో ఉన్న సీఏని. మీ అల్లుడు చెప్పింది దాదాపు కరెక్టే. మా భాషలో క్వాలిఫైడ్ అంటే ‘ఫలానాది తప్ప మిగతాది బాగుంది’ అని. అంతకంటే ముదిరితే అడ్వర్స్ అంటాం. చూడ్డానికి ఆధారాలే దొరక్కపోతే డిస్‌క్లెయిమర్.

మీ నివేదికలో రెండు వేరు వేరు అభిప్రాయాలున్నాయి. ఒకటి లెక్కల మీద. ఇంకొకటి ఆ లెక్కలు తయారయ్యే పద్ధతి మీద. ఈ రెండోదాన్ని 2013 కంపెనీల చట్టం 143(3)(ఐ) కింద రాయాలి. 2015 ఏప్రిల్ 1న, ఆ తర్వాత మొదలైన ఆర్థిక సంవత్సరాలకు ఇది తప్పనిసరి అయింది. నియంత్రణలు సరిపడా ఉన్నాయా, ఉన్నవి నిజంగా పనిచేస్తున్నాయా అని రెండూ చెప్పాలి.

మీ క్లాసు పోలిక బాగుంది గానీ ఇక్కడ జరిగింది వేరు. స్టెప్పులు తప్పని తేలాక టీచరే కూర్చుని ఆ లెక్కను మొదట్నుంచీ చేసి ఆన్సరు సరిచూశాడు. అంటే కంపెనీ లెక్కను నమ్మకుండా ఆడిటర్లే గోదాములకు పోయి ఉంటారు, మామూలుకంటే ఎక్కువ బస్తాలు లెక్కపెట్టించి ఉంటారు, బిల్లులతో పోల్చి ఉంటారు. అందుకే మొదటి అభిప్రాయం క్లీన్‌గా వచ్చింది.

కానీ ఒకటి గమనించండి. ఆ సరిచూడ్డం మార్చి 31 నాటి లెక్కకే. ఏప్రిల్ 1 నుంచి ఆ గోదాముల్లో ఏం జరుగుతోందో ఆ క్లీన్ అభిప్రాయం చెప్పదు. జూన్, సెప్టెంబరు, డిసెంబరు ఫలితాలకు ఉండేది లిమిటెడ్ రివ్యూ మాత్రమే. అడిగి తెలుసుకోవడం, అంకెలు పోల్చి చూడ్డం, అంతే. ఆ మూడు సార్లు మీరు నమ్మేది ఆడిటర్‌ని కాదు, కంపెనీ లోపలి పద్ధతిని. ఆ పద్ధతి బాలేదనే కదా ఇప్పుడు రాశారు!


చార్టుబాబు, అనంతపురం
ఆదివారం రాత్రి 9:31

ఇంత చదువు ఎందుకు మాస్టారూ. అన్నీ ధరలోనే ఉంటాయి. షేరు ధర దాని 200 రోజుల సగటు కిందికి వస్తే అమ్మేయండి.


పాతబ్యాంకాయన, కడప
ఆదివారం రాత్రి 10:15

మాస్టారూ, ఈ ‘అంతర్గత నియంత్రణ’ అనే మాట చూస్తే బ్రహ్మపదార్థంలా ఉంటుంది గానీ మాకు రోజూ కనిపించేదే. బ్యాంకులో బంగారం లోన్లు ఇస్తాం కదా. ఆ నగల సంచులు పెట్టే స్ట్రాంగ్‌రూముకు రెండు తాళాలుంటాయి. ఒక చెవి ఒకరి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఇదే నియంత్రణ. గుడిలో హుండీ లెక్కింపుకు దేవాదాయ శాఖ వాళ్లను, బ్యాంకు వాళ్లను, భక్తులను అందరినీ ఎందుకు కూర్చోబెడతారు? అదీ ఇదే. ఎవరి మీదా అనుమానం ఉండి కాదు. అనుమానం రాకుండా ఉండడానికి.

ఇప్పుడు మేడమ్ రెండు మాటలన్నారు, సరిపడా ఉండడం, నిజంగా పనిచేయడం. తేడా చెబుతా. ఒక బ్రాంచికి (ఏ బ్యాంకో అడగొద్దు) ఇన్‌స్పెక్షన్‌కు పోయాను. రెండు తాళాలూ ఉన్నాయి, రిజిస్టర్లో ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. తీరా చూస్తే రెండు చెవులూ మేనేజరు డ్రాయర్లోనే! క్యాషియర్ రోజూ ఇరవై కిలోమీటర్ల నుంచి వస్తాడు, బస్సు ఆలస్యమైతే కౌంటర్ ఆగకూడదని ఆ ఏర్పాటు. ఎవరిదీ దురుద్దేశం కాదు. కానీ నియంత్రణ కాగితం మీదే ఉంది.

ఇంకో చోట అంతకంటే ఘోరం. తాళాలు, చెవులు, సంతకాలు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. నగలు పరీక్షించే అప్రైజర్ మాత్రం ఏళ్ల తరబడి ఒక్కడే. వేరే అప్రైజర్‌తో మళ్లీ చూపించిన రోజు తేలింది. రెండు తాళాల వెనక భద్రంగా ఉన్నది ఇత్తడి.


బంగారుకొట్టు, ప్రొద్దుటూరు
ఆదివారం రాత్రి 10:48

అదీ మాట! నేను మొదట్నుంచీ చెప్పేది అదే. ఇవన్నీ కాగితాలు. సత్యం కంప్యూటర్స్‌కు ఏం తక్కువ? పెద్ద ఆడిట్ సంస్థ, పెద్ద పెద్ద ఇండిపెండెంట్ డైరెక్టర్లు. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు. 2009 జనవరి 7న ఛైర్మనే ఉత్తరం రాశాడు, ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని. పైగా అది అమెరికాలో కూడా లిస్టయిన కంపెనీ. అక్కడి సార్బేన్స్ ఆక్స్లీ చట్టం 404 సెక్షను దానికీ వర్తించేది. నియంత్రణల మీద రిపోర్టు ఇవ్వాలన్న రూలు మన దగ్గర రాకముందే దాని మీద ఉంది. ఏం ఆపింది?


ఆడిటరమ్మ, కర్నూలు
ఆదివారం రాత్రి 11:20

మీరు చెప్పింది నిజమే, అది మా వృత్తికి తగిలిన దెబ్బ. కానీ అక్కడ ఏం తప్పిపోయిందో చూడండి. బ్యాంకులో ఇంత డబ్బుందని నిర్ధారించుకోవాలంటే ఆడిటర్ నేరుగా బ్యాంకుకు ఉత్తరం పంపాలి, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి. మధ్యలో కంపెనీ చెయ్యి పడకూడదు. ఇది ఆర్టికల్స్‌లో (సీఏ శిక్షణలో) మొదటి ఏడాది పిల్లలకు నేర్పే పాఠం. సత్యం విషయంలో ఆ ఉత్తరాలు పంపడం, తెప్పించడం పూర్తిగా కంపెనీ యాజమాన్యానికే వదిలేశారని అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011 ఏప్రిల్లో ఇచ్చిన ఉత్తర్వులో చెప్పింది. ఆడిట్ సంస్థలకు 60 లక్షల డాలర్ల జరిమానా కూడా వేసింది.

అంటే నియంత్రణల రిపోర్టు అనే ఆలోచన తప్పని కాదు. రిపోర్టు రాసే చెయ్యే తన నియంత్రణ వదిలేసింది.

ఇంకో సంగతి, ప్రతి రిపోర్టులోనూ ఎవరూ చదవని పేరా ఒకటి ఉంటుంది. మనుషులు కుమ్మక్కయినా, యాజమాన్యమే నియంత్రణలను పక్కకు నెట్టేసినా, తప్పులను ఈ నియంత్రణలు పట్టుకోలేకపోవచ్చు అని. మేము తప్పించుకోవడానికి రాసే పేరా అనుకుంటారు. కాదు, అది ఉన్న మాట. రెండు తాళాల చెవులున్న ఇద్దరూ కలిసిపోతే తలుపు తెరుచుకుంటుంది మరి.


అనంత గానుగ
సోమవారం ఉదయం 7:05

నాది వేరుశెనగ నూనె మిల్లు. లిస్టెడ్ గిస్టెడ్ కాదు, చిన్న ప్రైవేట్ లిమిటెడ్. కుమ్మక్కు అంటే నేను చెబుతా మేడమ్. మా గేటు దగ్గర ఒకడు రాసుకుంటాడు, కాటా దగ్గర ఒకడు తూకం చీటీ ఇస్తాడు, గోదాములో ఒకడు బస్తాలు ఎంచి కార్డులో రాస్తాడు. మూడు చోట్ల మూడు లెక్కలు, అబద్ధం యాడ దాక్కుంటుంది అనుకున్నా. ముగ్గురూ ఒకే మెస్సులో తింటారని నాకు తెలీదు. ఆరు నెలలు లారీకి రెండు మూడు బస్తాలు కాగితం మీదే దిగినాయి. పట్టించింది ఆడిటర్ కాదు, రిజిస్టరూ కాదు. ఇన్ని కాయలకు ఇంత నూనె రావాల కదా, ఎందుకు తగ్గిందబ్బా అని మా నాయన అడిగినాడు. అంతే.

ఇంకోటి. మా ఆడిటర్ సారు ఏమో, మీకు ఆ నియంత్రణల రిపోర్టు అక్కర్లేదు అంటాడు. మళ్లీ ట్యాలీలో ఎడిట్ లాగ్ మాత్రం పెట్టాల్సిందే అంటాడు. ఇదేం లెక్కప్పా?


ఆడిటరమ్మ, కర్నూలు
సోమవారం ఉదయం 8:50

మీ ఆడిటర్ చెప్పింది సరైనదే అన్నా. టర్నోవరు 50 కోట్ల లోపు, అప్పులు ఏడాదిలో ఏ రోజూ 25 కోట్లు దాటని ప్రైవేట్ కంపెనీలకు ఆ రిపోర్టు నుంచి 2017 జూన్‌లో మినహాయింపు ఇచ్చారు. ఎడిట్ లాగ్ వేరే రూలు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ ఎంట్రీ మార్చారో నమోదవ్వాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. దానికి మినహాయింపు లేదు. మార్చి 31 రాత్రి కూర్చుని వోచర్లు సర్దే కాలం పోయింది!

మీ నాయనగారు చేసిన దాన్ని మేము అనలిటికల్ ప్రొసీజర్ అంటాం. ఆయనకు మా నమస్కారాలు చెప్పండి.

మాస్టారి కంపెనీ లిస్టెడ్ కాబట్టి ఎంత చిన్నదైనా ఈ మినహాయింపు రాదు.


డల్లాస్‌లో రాజంపేట
సోమవారం ఉదయం 9:40

ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. నా ఉద్యోగమే ఇది. ఇక్కడ కంపెనీల్లో 404 టెస్టింగ్ చేస్తాను. పోయిన నెల ఒకాయన ఉద్యోగం మానేశాడు, ఆయన లాగిన్ తొమ్మిది రోజులు తెరిచే ఉండిపోయింది. ఆయన వాడనేలేదు. అయినా దాని మీద నాలుగు మీటింగులు!

ఎన్రాన్, వరల్డ్‌కామ్ అనే పెద్ద కంపెనీలు లెక్కల మోసాలతో కుప్పకూలాక 2002లో ఈ సార్బేన్స్ ఆక్స్లీ చట్టం వచ్చింది. మన దగ్గరికీ ఇక్కడికీ ఒక తేడా ఉంది. ఇక్కడ యాజమాన్యమే తన నియంత్రణలను పరీక్షించుకుని ఫలితం ప్రచురించాలి. ఒక్క మెటీరియల్ వీక్‌నెస్ (లెక్కల్లో పెద్ద తప్పు దొర్లనిచ్చేంత లోపం) ఉన్నా ‘మా నియంత్రణలు సమర్థంగా ఉన్నాయి’ అనడానికి వీల్లేదు. అందుకే లోపం ఏమిటి, ఎట్లా సరిదిద్దుతున్నాం అని సంవత్సరానికి సంవత్సరం కథ నడుస్తుంది. చదివేవాడికి అదే ముఖ్యం.

మరి ఇన్వెస్టర్లు పట్టించుకుంటారా అంటే, పరిశోధకులే కొట్టుకున్నారు. 2007లో వచ్చిన ఒక పేపరు, కంపెనీ సైజు లాంటివి లెక్కలోకి తీసుకుంటే లోపం బయటపెట్టినందువల్ల కంపెనీకి పెట్టుబడి తెచ్చుకునే ఖర్చు పెద్దగా మారడం లేదంది. 2009లో వచ్చిన ఇంకోటి, మారుతోంది, లోపమున్న కంపెనీల నుంచి మదుపరులు ఎక్కువ రాబడి ఆశిస్తున్నారు, సరిదిద్దుకుంటే అది తగ్గుతోంది అంది. నాకు మాత్రం 2012లో వచ్చింది మనసులో పడింది. తర్వాత లెక్కలు తప్పని తేలి సవరించుకున్న కంపెనీల్లో, ఆ తప్పు నడుస్తున్న కాలంలో తమకు లోపముందని ఒప్పుకున్నవి కొద్ది భాగమేనట. మిగతావి అన్నీ బాగున్నాయనే రాసుకున్నాయి.

అంటే మాస్టారూ, ‘బాగుంది’ అన్న రిపోర్టుకు పెద్ద విలువ లేదు. ‘బాలేదు’ అన్న రిపోర్టుకు చాలా విలువ ఉంది.


బంగారుకొట్టు, ప్రొద్దుటూరు
సోమవారం ఉదయం 10:30

హాల్‌మార్క్ లాంటిదే అనమాట. స్వచ్ఛత చెబుతుంది, మజూరీ ఎంత బాదారో చెప్పదు.


పాతబ్యాంకాయన, కడప
సోమవారం ఉదయం 11:10

అంత కూడా కాదు శెట్టిగారూ. హాల్‌మార్క్ నగకు వేస్తారు. ఇది నగ చేసిన కొట్టులో త్రాసు సరిగ్గా ఉందా అని చూడ్డం.

చార్టుబాబూ, నువ్వన్న ‘అన్నీ ధరలోనే ఉంటాయి’ గురించి ఒక మాట. 2025 మార్చి 10 సాయంత్రం ఇండస్‌ఇండ్ బ్యాంకు, డెరివేటివ్స్ (వేరే వాటి ధరల మీద ఆధారపడే ఒప్పందాలు) ఖాతాల్లో తమ అంతర్గత సమీక్షలో తేడాలు బయటపడ్డాయని ఎక్స్ఛేంజీలకు చెప్పింది. బ్యాంకు నికర విలువలో సుమారు 2.35 శాతం దెబ్బ అని అంచనా. మరుసటి రోజు షేరు ఎంత పడింది? దాదాపు 27 శాతం. పోయింది రెండున్నర లోపు, పడింది ఇరవై ఏడు. మధ్యలో ఉన్నది దేని ధర? ‘ఇన్నేళ్లూ ఇది ఎవరికీ కనబడలేదా, ఇంకా ఏమున్నాయో’ అన్న భయం ధర. ముందురోజు చార్టులో ఆ భయం లేదు నాయనా.


చార్టుబాబు, అనంతపురం
సోమవారం ఉదయం 11:22

అంకుల్, మొత్తం దానికే కట్టలేం. మూడు రోజుల ముందు, మార్చి 7న, వాళ్ల సీఈఓకు రిజర్వు బ్యాంకు మూడేళ్లకు బదులు ఒక్క ఏడాదే పొడిగింపు ఇచ్చిందన్న వార్త వచ్చింది. ధర అప్పుడే మాట్లాడ్డం మొదలుపెట్టింది.


పాతబ్యాంకాయన, కడప
సోమవారం ఉదయం 11:40

ఆ మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ ఆ ఏడాది పొడిగింపు కూడా నమ్మకం సంగతే కదా.


ఆర్టికల్స్ అమ్మాయి, కర్నూలు
సోమవారం మధ్యాహ్నం 1:15

చిన్నదాన్ని, పెద్దల మధ్య మాట్లాడుతున్నా. మాస్టారు గారు చదివిన అనెక్సర్ వెనక పని చేసేది మాలాంటి ఇరవై రెండేళ్ల వాళ్లం. మొదట ఒక కొనుగోలు తీసుకుని ఇండెంట్ (సరుకు కావాలని రాసే చీటీ) నుంచి చెల్లింపు దాకా ఎవరెవరు చూశారో వెంట నడుస్తాం, దాన్ని వాక్‌త్రూ అంటారు. తర్వాత కొన్ని శాంపిల్స్ తీసి ఆమోదం ఉందా, తేదీ సరిపోయిందా అని టిక్కులు పెడతాం.

నేను ముందు పనిచేసిన ఒక ఆఫీసులో సీజన్ ఒత్తిడిలో పోయిన ఏడాది ఫైలు కాపీ చేసి తేదీలు మార్చిన రోజులున్నాయి. ఒకసారి ఏడాది కిందట చనిపోయిన స్టోర్ కీపర్ పేరు కూడా మా ఫైల్లో ‘తనిఖీ చేసినవారు’ దగ్గర అట్లాగే ఉండిపోయింది. సార్ పట్టుకుని తిట్టారు. అప్పట్నుంచి ప్రతి రిపోర్టులో మాటలు పోయిన ఏటివేనా అని చూడడం నాకు అలవాటైంది.

మాస్టారు గారూ, మీ దగ్గర నిరుటి నివేదిక ఉందా?


ఆడిటరమ్మ, కర్నూలు
సోమవారం మధ్యాహ్నం 1:50

అమ్మాయీ, ధైర్యంగా చెప్పావు. మంచి ప్రశ్న కూడా.

మాస్టారూ, నిరుటి దానితో పాటు ఈ ఏటి డైరెక్టర్ల నివేదిక కూడా తీయండి. ఆడిటర్ పెట్టిన ప్రతి క్వాలిఫికేషన్‌కూ బోర్డు వివరణ ఇవ్వాలని 134(3)(ఎఫ్) చెబుతుంది. అదే నివేదికలో డైరెక్టర్ల బాధ్యతా ప్రకటన ఉంటుంది, 134(5) కింద. నియంత్రణలు సరిపడా ఉన్నాయని, సమర్థంగా పనిచేస్తున్నాయని లిస్టెడ్ కంపెనీ డైరెక్టర్లు అక్కడ చెప్పాలి. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.


లెక్కలమాస్టారు, కడప
సోమవారం రాత్రి 9:05

తీశాను. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాను.

నిరుడు కూడా అదే లోపం. కామాతో సహా అవే మాటలు. బోర్డు వివరణ నిరుడు: ‘నిల్వల తనిఖీ విధానాన్ని పటిష్ఠం చేస్తున్నాం.’ ఈ ఏడు: ‘నిల్వల తనిఖీ విధానాన్ని మరింత పటిష్ఠం చేస్తున్నాం.’ ఏడాది పనికి మిగిలింది ‘మరింత’ అనే ఒక్క మాట.

బాధ్యతా ప్రకటనలో మాత్రం, నియంత్రణలు సరిపడా ఉన్నాయి, సమర్థంగా పనిచేస్తున్నాయి అని రెండేళ్లూ ఉంది. ఒకే పుస్తకంలో డైరెక్టర్లు ఉంది అంటారు, ఆడిటర్ లేదు అంటాడు. ఎవరూ ఎవరి పేజీ చదివినట్టు లేదు.

నిన్న ఈ లోపం చూసి భయపడ్డాను. ఇవాళ లోపం కంటే ఆ జవాబు చూసి ఒళ్లు మండుతోంది.


అనంత గానుగ
సోమవారం రాత్రి 9:20

కాయలకు, నూనెకు లెక్క చూడు సారూ. నిల్వలు ఎన్ని రోజుల అమ్మకాలకు సరిపడా ఉన్నాయి, ఏటేటా పెరుగుతా ఉందా?


లెక్కలమాస్టారు, కడప
సోమవారం రాత్రి 10:10

వేశాను. మూడేళ్ల కిందట 71 రోజులు, నిరుడు 88, ఈ ఏడు 104. అమ్మకాలు పెద్దగా పెరగలేదు.


పాతబ్యాంకాయన, కడప
సోమవారం రాత్రి 10:14

ఊఁ.


డల్లాస్‌లో రాజంపేట
సోమవారం రాత్రి 10:30

అంత మాత్రాన మోసమని అనొద్దు. అమ్ముడుపోని పాత సరుకు కావచ్చు, ముందుగా కొన్న ముడిసరుకు కావచ్చు. కానీ లెక్కపెట్టే పద్ధతి బాలేదని ఆడిటర్ రెండేళ్లుగా చెబుతున్న చోటే అంకె పెరుగుతోంది. నేనైతే ఏజీఎంలో, అంటే వాటాదారుల వార్షిక సమావేశంలో, అడుగుతాను. ఒక్క షేరున్నా అడిగే హక్కుంది. ఇప్పుడు చాలా కంపెనీలు వీడియోలోనే పెడుతున్నాయి. స్పీకరుగా పేరు నమోదు చేసుకోవడానికి గడువు నోటీసులో ఉంటుంది, మెయిల్ పెట్టండి.


బంగారుకొట్టు, ప్రొద్దుటూరు
సోమవారం రాత్రి 10:41

అడిగితే ఏం చెబుతారు? ‘మరీ మరింత’ పటిష్ఠం చేస్తాం అంటారు.


లెక్కలమాస్టారు, కడప
నెల తర్వాత, శుక్రవారం సాయంత్రం 6:30

ఇవాళ ఏజీఎం అయింది. నాకు మూడు నిమిషాలిచ్చారు. ముందు మాట్లాడిన నలుగురు డివిడెండుకు ధన్యవాదాలు చెప్పి దండకాలు చదివారు. నేను నమస్కారం ఒక్కటి పెట్టి, రెండు నివేదికల్లోని రెండు వాక్యాలు చదివి, మధ్యలో ఏడాది ఏం చేశారని అడిగాను. ఎన్ని గోదాములు, ఎన్నింటిలో బయటివాళ్లతో లెక్కపెట్టించారు, ఎంత తేడా వచ్చింది అని కూడా అడిగాను.

ఛైర్మన్, ఆర్థిక వ్యవహారాలు చూసే సీఎఫ్ఓ వైపు చూశాడు. సీఎఫ్ఓ మాత్రం నిజం చెప్పాలంటే దాటవేయలేదు. మొత్తం 14 గోదాములు, 11 చోట్ల బార్‌కోడ్ పెట్టారట, బయటి సంస్థతో లెక్కపెట్టిస్తే చిన్న తేడాలు వచ్చాయట, సర్దుబాటు చేశారట. మిగతా మూడూ డిసెంబరు లోపల అవుతాయన్నాడు. ఇంత పని జరిగితే ఒక్క ముక్క పుస్తకంలో ఎందుకు రాయలేదో అర్థం కాలేదు. రాసి ఉంటే నాకీ నెల రోజుల టెన్షన్ ఉండేది కాదు.

సగం అమ్మేశాను. సగం డిసెంబరు దాకా ఉంచుతాను.


అనంత గానుగ
శుక్రవారం సాయంత్రం 6:52

నిల్వల్లో ఎక్కువ భాగం ఆ మిగిలిన మూడు గోదాముల్లోనే ఉందేమో అడిగినావా సారూ?


లెక్కలమాస్టారు, కడప
శుక్రవారం సాయంత్రం 7:01

అడిగాను. అప్పటికి నా మైకు మ్యూట్ చేశారు.